అమ్మవారు అవుటర్ సిగ్నల్ దాటిన రోజు

కుండలు చూడడానికి ఖరగ్‌పూర్ దాకా వెళ్ళావా అని నన్ను అడగనివాళ్ళు లేరు. ఆదివారం సంతకి మన వీధి చివరే బండెడు కుండలు వస్తాయి, అక్కడ చూస్తే పోయేది కదా అని మా ఆవిడ. పత్రికలో చాలాకాలం పనిచేసినవాడికి ఇలాంటి ప్రశ్నలకి నోటితో జవాబు చెప్పడం చేతకాదు. రాసి చూపించాలి. అందుకే ఇది.

ప్రయాణానికి మూలం ఒక పెళ్ళి భోజనం. క్రిందటేడు విశాఖపట్నంలో నా పక్క విస్తరి ముందు అప్పలస్వామి అనే ఆయన కూర్చున్నాడు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఇనుము కరిగించి పోత పోసే మనిషి. రైలు పట్టాలు వేసే రోజుల్లో వాళ్ళ తాత చీపురుపల్లి దగ్గర్నుంచి అక్కడికి వెళ్ళాడట. పప్పు వడ్డించేసరికి మాకు స్నేహం కుదిరింది. పెరుగు వచ్చేసరికి నా చేత మాట తీసుకున్నాడు.

“మా గుంట మట్టితోటి ఏటేటో సేస్తాది గురువుగారూ. బొమ్మలు కావు, కుండలు కావు. వొచ్చే ఏడు మ్యూజింలో పెడతారంట. మీరొచ్చి సూసి, అదేటో నాకు సెప్పాల. దాన్నడిగితే కోపం.”

కూతురు చేసే పనేమిటో తెలుసుకోవడానికి ఒక తండ్రి విలేఖరిని పిలవడం నా అనుభవంలో అదే మొదటిసారి. వెళ్ళకుండా ఎలా ఉంటాను.

ప్లాట్‌ఫారం మీద

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడుగు గురించి విన్నాను గాని నమ్మలేదు. దిగిన చోటి నుంచి గేటు వైపు నడిచీ నడిచీ, పక్క ఊరికి వచ్చేశానేమోనని అనుమానం వచ్చింది. మధ్యలో ఆగి టీ తాగాను. పది పైసలు. మన వైపు గాజు గ్లాసులో పోసి, అది తిరిగి ఇచ్చేదాకా మన మొహంకేసే చూస్తాడు. ఇక్కడ గుప్పిట్లో ఇమిడే మట్టి కప్పులో పోస్తారు. భాఁడ్ అంటారు దాన్ని. తాగాక పట్టాల మీదికి విసిరెయ్యాలి. నా పక్కనున్న బెంగాలీ పెద్దమనిషి చివరి గుక్క తాగి, అటు చూడనైనా చూడకుండా విసిరేశాడు. పట్టాల మధ్య ఎర్రటి పెంకులు కుప్పలుగా పడి ఉన్నాయి.

నాకు చెయ్యి రాలేదు. ఒక మనిషి కుమ్మరి సారె ముందు కూర్చుని చేసిన వస్తువు. ఒక్క టీకేనా దాని ఆయుష్షు? రుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకున్నాను. అడుగున కాస్త టీ మిగిలిందన్న సంగతి గమనించలేదు. సాయంత్రం చూసుకుంటే సంచిలో ఉన్న తెల్ల చొక్కా వీపు మీద సింహళ ద్వీపం పటం దిగి ఉంది.

కటకం దాటినప్పటి నుంచి హిందీ వాక్యాలు కూడబలుక్కుంటున్నాను. గేటు దగ్గర కూలీ నా సంచి అందుకుని, “ఎక్కడికెల్తారు బాబూ, సెటిల్‌మెంటుకా?” అన్నాడు. నా హిందీ వాడకుండానే మిగిలిపోయింది.

న్యూ సెటిల్‌మెంట్

ఎర్ర ఇటుకల క్వార్టర్లు వరసగా ఉంటాయి. కొట్ల మీద తెలుగు బోర్డులు. అరుగు మీద ఆరేసిన అప్పడాలకి కాపలాగా ఒక ముసలమ్మ. శ్రీకాకుళం వీధినొకదాన్ని ఎత్తి తెచ్చి పట్టాల పక్కన పెట్టినట్టుంటుంది. మాట దగ్గర మాత్రం తేడా తెలుస్తుంది. “దాదా, జరా ఆగండి, గాడీ వొస్తన్నాది” అని ఒకావిడ సైకిలు మనిషిని హెచ్చరించింది. ఆ ఒక్క వాక్యంలో ఎన్ని ఊళ్ళున్నాయో లెక్కపెట్టుకుంటూ నడిచాను.

వర్క్‌షాపు సైరనే ఈ ఊరికి గడియారం. అది కూసిందంటే వీధి నిండా సైకిళ్ళు. మళ్ళీ కూసేదాకా ఆడవాళ్ళ రాజ్యం. అప్పలస్వామి భార్య సూరమ్మ నాకు ఉదయం బొరుగులు పెట్టింది. పచ్చి ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ కలిపి పెడతారు. మధ్యాహ్నం కందిపప్పు, దానికీ ఆవనూనె పోపే. మొదటి ముద్దకి కళ్ళు చెమర్చాయి. మూడో ముద్దకి అలవాటు పడ్డాను. ఆరో ముద్దకి మారు అడిగాను.

“మా అత్తోరు మొదట్లో ఈ నూనె వొంటికి రాసుకునేదంట, తినేదని తెలీక,” అంది సూరమ్మ.

నేను వెళ్ళిన రోజులు అమ్మవారి పండగ రోజులు. మన ఉత్తరాంధ్రలో చూసినవాళ్ళకి తెలుసు. చూడనివాళ్ళ కోసం చెప్తాను. అలంకరించిన కుండని ఘటం అంటారు. పసుపు, కుంకుమ, వేపమండలతో అదే అమ్మవారు. తలకెత్తుకుని ఇంటింటికీ తిరుగుతారు. పండగ చివర సారె పెట్టి, డప్పులతో ఊరి పొలిమేర దాకా తీసుకెళ్ళి సాగనంపుతారు. దాన్ని అనుపు అంటారు. సాగనంపాక వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి రావాలి.

“ఇక్కడ మీకు పొలిమేర ఏది?” అని అడిగాను.

“అవుటర్ సిగ్నల్,” అన్నాడు అప్పలస్వామి. నవ్వుతాడేమోనని చూశాను, నవ్వలేదు. తాతల నాడు ఈ చుట్టుపక్కల ఊరన్నదే లేదు, పొలిమేర ఎక్కణ్ణుంచి వస్తుంది? బండి ఎక్కడ ఆగి అనుమతి కోసం చూస్తుందో అదే ఊరి హద్దని పెద్దలు తీర్మానించారట. నేను విన్న తీర్మానాల్లో ఇంత సబబైనవి తక్కువ.

ఆ వీధి ఘటం మోసేది అప్పలస్వామి అక్క పైడమ్మ. అరవై దాటిన మనిషి, తిన్నగా నడుస్తుంది, తిన్నగా మాట్లాడుతుంది. మేనకోడల్ని చిన్నప్పటి నుంచి సాకింది ఆవిడే. మేనకోడలి పని గురించి ఆవిడ అభిప్రాయం ఒక్క మాటలో తేలిపోయింది.

“అదేటి సేస్తాదో గాని బాబూ, మట్టి మాత్రం ఇల్లంతా సేస్తాది.”

ఆ మేనకోడలు నూకరత్నం సాయంత్రం సైకిలు మీద వచ్చింది. వయసు ఇరవై ఎనిమిది. కలకత్తాలో మట్టి పని చదువుకుని వచ్చి, ఆడపిల్లల బడిలో డ్రాయింగు చెప్తోంది. పెరట్లో పాత కొలిమి ఇటుకలతో, కుండలు కాల్చే ఆవం సొంతంగా కట్టుకుంది. నన్ను చూడగానే, “మా నాన్న మిమ్మల్ని అర్థం చెప్పడానికి పిలిచాడట కదండీ. మీకు తెలిస్తే నాకూ చెప్పండి,” అంది.

మొన్నటి దాకా కోపం అనుకున్నది భయమని అప్పుడు తెలిసింది. ఎల్లుండి కలకత్తా నుంచి లాహిరి గారనే పెద్దాయన వస్తున్నాడు. ప్రదర్శనలోంచి ఒకే ఒక్క వస్తువుని అక్కడి పెద్ద ప్రదర్శనకి ఎంచుకుంటాడు. అది ఎవరిదైతే వాళ్ళకి ఏడాదిపాటు అక్కడి పెద్ద ఆవం దగ్గర పని చేసుకోవడానికి చోటిస్తారు. పెరటి ఆవంలో నూకరత్నం పెద్ద పాత్రలు మూడు కాలిస్తే రెండు చీలిపోయాయి. మిగిలింది ఒకటే. అది ఇప్పుడు మ్యూజియంలో ఉంది.

పాత బంగళా

మర్నాడు మ్యూజియం చూడడానికి వెళ్ళాం. అదొక పాత బంగళాలో ఉంది. ముందు గదుల్లో పాత ఇంజను దీపాలు, చుట్టుపక్కల తవ్వకాల్లో దొరికిన రాళ్ళు. వెనక హాలులో కొత్త మట్టి కళ. క్యూరేటర్ ఘోషాల్‌బాబు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో పగలబోతోందన్న భయంతో ఉండే మనిషి. ఆయన ఉద్యోగానికి ఆ భయం ఉండవలసిందే. నేల కొత్తగా మైనం పెట్టి మెరిపించారని చెప్పులు గుమ్మం బయటే విప్పించారు.

నాకు కళ గురించి తెలిసింది తక్కువ. తెలిసినట్టు రాయడం మాత్రం ఉద్యోగంలో నేర్చుకున్నాను. ఇక్కడ ఆ విద్య పక్కన పెట్టి చూసింది చూసినట్టు చెప్తాను. చేపల వరస ఒకటి ఉంది. ఒక్కొక్కదానికీ ఒక్కొక్క రకం విసుగు మొహం. నలుచదరంగా ఒక సీసా, మూతి ఉంది గాని రంధ్రం లేదు. నీలం మెరుపు పళ్ళెం ఒకటి, దాని మీద సన్నటి పగుళ్ళు. పాపం రైల్లో దెబ్బ తిందేమో అన్నాను. ఆ పగుళ్ళ కోసమే దాన్ని చేసినాయన నాలుగుసార్లు కాల్చాడని ఘోషాల్‌బాబు నొచ్చుకున్నారు. గోధుమరంగు మెరుపుతో నిలబడ్డ ఒక జాడీ దగ్గర మాత్రం నాకు ధైర్యం వచ్చింది. అచ్చం మన ఆవకాయ జాడీ. నాతో వచ్చిన సూరమ్మ దాని చుట్టూ తిరిగి, “మూత ఏదీ?” అంది. మూత లేదన్నాను. “మరి ఊరగాయ ఎలగ పెడతారు?” అంది. ప్రదర్శన మీద నేను విన్న విమర్శల్లోకెల్లా ఇదే సూటిగా ఉంది.

హాలు మధ్యలో ఎత్తైన అరుగు మీద నూకరత్నం పాత్ర ఉంది. మోకాలి కంటే ఎత్తు. కింద సన్నం, పోను పోను వెడల్పు, మెడ దగ్గర మళ్ళీ బిగించినట్టు. పూతా మెరుపూ ఏమీ లేని ఎర్రమట్టి. పైనుంచి దాని మీద ఒక దీపం. చుట్టూ తాడు. చెయ్యి పెట్టి చూడాలనిపించే వస్తువు. పెట్టకూడదని రాసి ఉంది.

“మెరుపు ఎందుకు పెట్టలేదమ్మా?” అని అడిగాను.

“మెరుపు పెడితే మట్టి నోరు మూసినట్టు,” అంది నూకరత్నం. “ఇది ఏది తాకినా పీల్చుకుంటుంది. అది నాకిష్టం. మా నాన్న పోత పోసే మూస, మా అత్త మోసే ఘటం, రెండూ చూస్తూ పెరిగానండీ. రెండూ కాని దాన్ని చెయ్యాలనుకున్నాను. మూడేళ్ళు పట్టింది.”

కాపలా మనిషి బనమాలి ఒడియా వాడు. ప్రదర్శన మొదటి రోజు అమ్మాయిలు శంఖం ఊది, ముగ్గు వేసి, వస్తువులకి గంధం చుక్క పెట్టారని, చాలా బాగుందని మురిసిపోతూ చెప్పాడు. ఆ ముగ్గు చాయలు గుమ్మంలో ఇంకా ఉన్నాయి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

సుభాష్‌పల్లిలో భోజనం

ఆ మధ్యాహ్నం సుభాష్‌పల్లిలో ఘోషాల్‌బాబు ఇంట్లో నాకూ నూకరత్నానికీ భోజనం. బెంగాలీ ఇంట భోజనానికి ఒక క్రమం ఉంది. చేదుతో మొదలుపెట్టి తీపి దగ్గర ఆపుతారు. మనం అన్నీ ఒకేసారి వడ్డించుకుని ఇష్టమైన దారిలో తిరుగుతాం. వాళ్ళు పట్టాల మీద నడుస్తారు. కాకర ముక్కలు, పప్పు, ఆవపిండిలో చేప, పచ్చడి, చివర మట్టి ముంతలో తియ్యటి పెరుగు. పచ్చడి తియ్యగా ఉందని నేను, తియ్యగా లేకపోతే పచ్చడెలా అవుతుందని ఘోషాల్‌బాబు తల్లి. చేపల మార్కెట్లో ధరలు మండిపోతున్నాయని ఆవిడ చెప్పిన ధర వింటే మా ఊరి జాలరులు మూటాముల్లే సర్దుకుని ఇక్కడికి వచ్చేస్తారు.

తిన్నాక కాసేపు నడుం వాల్చడం కూడా ఆ క్రమంలో భాగమే. మేము మ్యూజియానికి తిరిగి వచ్చేసరికి ఎండ వాలింది. గుమ్మం బయట లెక్కలేనన్ని ఆడవాళ్ళ చెప్పులు.

పసుపు

లోపల ఊదొత్తుల వాసన. హాలు మధ్య అరుగు చుట్టూ న్యూ సెటిల్‌మెంటు ఆడవాళ్ళంతా ఉన్నారు. తాడు ఒక పక్కకి జరిపి ఉంది. నూకరత్నం పాత్ర మెడ నుంచి అడుగు దాకా పచ్చగా మెరుస్తోంది. మధ్యలో వరసగా కుంకుమ బొట్లు. మెడకి వేపమండ. ముందు కొబ్బరి చిప్పలు. ఒక పక్క బనమాలి చేతులు జోడించి, ప్రసాదం కోసం దోసిలి సిద్ధంగా పెట్టుకుని ఉన్నాడు.

ఘోషాల్‌బాబు “సర్బొనాశ్” అన్నారు. ఈ మాటకి అనువాదం అక్కర్లేదు.

జరిగింది ఇది. మేనకోడలి పేరు మ్యూజియం గోడ మీద ఉందని విని, పైడమ్మ వీధి ఆడవాళ్ళందరినీ చూపించడానికి తీసుకొచ్చింది. పండగ రోజులు, పసుపు కుంకుమలు చేతిలోనే ఉన్నాయి. గుమ్మంలో ముగ్గు చూశారు. చెప్పులు విప్పమన్నారు. లోపల అరుగు మీద, దీపం కింద, ఘటం. ఘటం ముందుకి ఉత్త చేతులతో వెళ్ళి ఉత్త చేతులతో వచ్చే ఆచారం వాళ్ళకి లేదు. శంఖం, గంధం చూసి ఉన్న బనమాలి ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకున్నాడు.

నూకరత్నం అరుగు దాకా వెళ్ళి, వేలితో ఒకచోట రుద్ది చూసింది. పసుపు నీళ్ళు అప్పటికే లోపలికి ఇంకిపోయాయి.

“ఏటే, బాగులేదేటి?” అంది పైడమ్మ. “బోసిగా నిలబెట్టినావు. మొహం కళ తప్పి ఉన్నాది. ఇప్పుడు సూడు.”

“అత్తా, ఇది అమ్మోరు కాదు.”

“ఏది అమ్మోరో నువ్వా సెప్పేది?”

“చేసింది నేను కదా.”

“మన గటం కుమ్మరి సేస్తాడు. ఆడెప్పుడైనా సెప్పినాడేటి, ఇది అమ్మోరు కాదని?”

నూకరత్నం మెట్ల మీదికి వెళ్ళి కూర్చుంది. ఆడవాళ్ళు ప్రసాదం పంచి, తాడు మళ్ళీ యథాస్థానంలో కట్టి వెళ్ళిపోయారు. నా వంతు కొబ్బరి ముక్క నేను తిన్నాను. బాగుంది.

ఘోషాల్‌బాబు తడిగుడ్డతో తుడుద్దామన్నారు. తుడిస్తే చారలు పడతాయంది నూకరత్నం. ఆవంలో మళ్ళీ కాలిస్తే పసుపు పోతుంది. కాని రెండోసారి వేడికి పాత్రే చీలొచ్చు. చీలకపోయినా రేపటికి చల్లారదు. అప్పలస్వామి షిఫ్టు దిగి వచ్చి, సైకిలు పట్టుకునే అంతా విన్నాడు.

“అక్కని ఏటీ అనలేను, గుంటనీ ఏటీ అనలేను,” అన్నాడు నాతో. “మీరు పత్రిక మనిషి. ఏటైనా అనండి గురువుగారూ.”

నేను ఆయన సైకిలు అందుకుని స్టాండు వేసి పెట్టాను.

లాహిరి గారు

లాహిరి గారు మర్నాడు పొద్దున్నే దిగారు. పొట్టిగా, గుండ్రంగా, తెల్ల ధోవతిలో. చేతికర్రని ఆసరాకి కాక వస్తువుల్ని చూపించడానికి వాడతారు. చేపల దగ్గర నవ్వారు. రంధ్రం లేని సీసా దగ్గర ఆగలేదు. నీలం పళ్ళెం దగ్గర చాలాసేపు ఉన్నారు. నా పక్కన నూకరత్నం చీర కొంగు కొసని ముడి వేస్తూ, విప్పుతూ ఉంది.

చివరికి పసుపు పాత్ర దగ్గరికి వచ్చారు. కొబ్బరి చిప్పలు తీసేశారు గాని వేపమండ తియ్యడానికి ఘోషాల్‌బాబుకి మనసొప్పలేదు. ఆయన క్షమాపణ మొదలుపెట్టారు. లాహిరి గారు కర్ర ఎత్తి ఆపారు.

“ఈ రంగు ఎవరు వేశారు?”

నేనే వేశానని నూకరత్నం అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో గండం గట్టెక్కేదని అక్కడున్న అందరికీ తెలుసు.

“మా అత్త,” అంది ఆ పిల్ల. “నాకు తెలియకుండా వేసింది. నేను ఉత్త మట్టిగానే ఉండాలనుకున్నాను. మెరుపు పెట్టకపోవడం మటుకు నా పనే. అందుకే అంత లోపలికి దిగింది.”

ఆయన పాత్ర చుట్టూ రెండుసార్లు తిరిగారు. మెడ కింద, పసుపు చేతి వేళ్ళ గుర్తులు దిగిన చోట వంగి చూశారు. “మీరు చేసిన ఆకారం చెయ్యి పెట్టమని పిలుస్తోంది. వాళ్ళు పెట్టారు. కలకత్తాలో తాడు కట్టేస్తారు, ఇంక ఎవరూ పెట్టరు,” అన్నారు. “ఇదే తీసుకెళ్తాను. తుడవకండి. ఎల్లుండే అక్కడ తెరుస్తున్నారు కాబట్టి ఈ సాయంత్రం బండికి మీరూ, ఇదీ ఎక్కాలి.”

ఘోషాల్‌బాబు నాకు తెలియని ఏదో బెంగాలీ మాట అని నన్ను కావలించుకున్నారు. కథ ఇక్కడితో అయిపోయిందనుకుని నేను గోల్‌బజారుకి వెళ్ళి ఇంటికి సందేశ్ మిఠాయి కొనుక్కున్నాను. తిరిగి వచ్చేసరికి కొయ్యపెట్టె, గడ్డి సిద్ధంగా ఉన్నాయి. పాత్ర మాత్రం అరుగు మీదే ఉంది. దాని ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని పైడమ్మ కూర్చుని ఉంది.

“పసుపు రాసినాక అనుపు సెయ్యకుండా కదపకూడదు,” అంది. “గటాలకి అనుపు వొచ్చే మంగళవారం.”

“మంగళవారానికి చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు అక్కా,” అన్నాడు అప్పలస్వామి.

“ఇచ్చుకోనీ. అమ్మోరిని గడ్డిలో కట్టి సామాను లాగ పంపుతారేటి? నాను పుట్టినకాడి నుంచి సూడనేదు.”

లాహిరి గారికి ఘోషాల్‌బాబు, ఘోషాల్‌బాబుకి నేను విషయం చెప్పాం. లాహిరి గారు ఒక కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. అమ్మవారి విషయంలో తొందర పనికిరాదని బెంగాలు వాడికి ఒకరు చెప్పక్కర్లేదు.

నూకరత్నం వెళ్ళి అత్త పక్కన నేల మీద కూర్చుంది. నిన్నటి కోపం ఆ పిల్ల గొంతులో లేదు.

“అత్తా, అనుపుకి ఏటి కావాల?”

“తెలీదేటి నీకు? డప్పు కావాల. సారె కావాల. పొలిమేర దాకా మొయ్యాల.”

“పొలిమేరంటే అవుటర్ సిగ్నలే కదా. బండి దాన్ని దాటకుండా కలకత్తా ఎలా వెళ్తుంది?”

పైడమ్మ నేల మీద రాలిన పసుపు వేలితో ఒక చోటికి పోగు చేసింది.

“ఏటా మీరు సిగ్నల్ దాకా తీసుకెళ్ళి వదిలేసి వస్తారు. ఆవిడ ఎక్కడికి వెళ్తుందో ఎవరూ చూడలేదు. ఈసారి తెలుస్తుంది.”

“అక్కడ ఈవిడికెవరున్నారు?” అంది పైడమ్మ చివరికి.

“కాళీ ఉంది కదత్తా, ఈవిడికి అక్క.”

పైడమ్మ పాత్రకేసి చూసింది. తర్వాత మోకాళ్ళ మీద చేతులు ఆన్చి లేచింది. “అప్ప ఇంటికా. ఆ మాట ముందే సెప్పొద్దేటి? అప్ప ఇంటికి ఎల్లే పిల్లకి మంగళారమేటి, బేస్తారమేటి,” అంది. “సూరమ్మా, సలిమిడికి బియ్యం నానెయ్యి.”

అని, గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. “నాను మొయ్యను. సేసినోళ్ళే మొయ్యాల.”

అనుపు

సైరన్ కూసింది. సైకిళ్ళు వచ్చాయి. ఈసారి ఇళ్ళకి పోకుండా వీధిలోనే ఆగిపోయాయి. నూకరత్నం పసుపు నీళ్ళతో తడిసిన చీరలో, చెప్పులు లేకుండా, తల మీద చుట్టకుదురు పెట్టుకుని నిలబడింది. అప్పలస్వామి, మరొకాయన పాత్రని ఎత్తి తల మీద పెట్టారు. మూడేళ్ళుగా దీన్ని ఘటం కాదని చెప్పిన మనిషి రెండు చేతులతో పట్టుకుని, మెడ నిలిపి, డప్పుల వెనక నడిచింది.

ఆ పక్కన ఘోషాల్‌బాబు. పాత్ర పడితే పట్టుకోవడానికి రెండు చేతులూ పైకెత్తి, అడుగడుక్కీ ఒకవైపు ఒరుగుతూ, దారిపొడుగునా అలాగే నడిచారు. చూసేవాళ్ళు ఆయనకి పూనకం వచ్చిందనుకున్నారు. ఒకావిడ ఆయన కాళ్ళ మీద కూడా పసుపు నీళ్ళు పోసింది. ఆయన కాదనలేదు. బనమాలి పెట్టె మూత నెత్తిన పెట్టుకుని వెనక వస్తున్నాడు. లాహిరి గారు కర్రతో డప్పుకి తాళం వేస్తున్నారు.

ప్రతి గుమ్మం దగ్గరా ఆగారు. ప్రతి ఇంటివాళ్ళూ ఒక చిటికెడు పసుపు, రెండు గాజులు. పాత్ర ఒంటి మీద చేతి గుర్తులు పెరుగుతూ వచ్చాయి. నూకరత్నం ఎవరినీ వద్దనలేదు, వంగగలిగినంత వంగింది.

ప్లాట్‌ఫారం అంత పొడుగు ఎందుకో ఆ సాయంత్రం తెలిసింది. ఊరేగింపంతా దాని మీద పట్టింది. చలిమిడి, గాజులు పాత్ర లోపల పెట్టి పైడమ్మ స్వయంగా గడ్డి సర్దింది. బ్రేక్ వ్యానులోకి పెట్టె ఎక్కిస్తుంటే బండి గార్డు టోపీ తీశాడు. ఆయనదీ మన బొబ్బిలి వైపేనని తర్వాత తెలిసింది. “సిగ్నల్ కాడ ఒక్క నిమిషం నెమ్మదిగా పోనీ బాబూ,” అని పైడమ్మ అడిగింది. డ్రైవరుతో చెప్తానని గార్డు ఒప్పుకున్నాడు. చెప్పాడో లేదో నాకు తెలియదు.

అప్పలస్వామి నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. “ఇంక మీరేటీ సెప్పక్కర్లేదు గురువుగారూ,” అన్నాడు. నిజానికి నేను చెప్పడానికి ఒక మంచి వాక్యం తయారు చేసుకుని ఉన్నాను. దాచేసుకున్నాను.

నూకరత్నం, లాహిరి గారు బండెక్కారు. బండి కదలకముందే మేమందరం లైను పక్క కాలిబాట వెంట అవుటర్ సిగ్నల్ దాకా నడిచాం. డప్పులు ఆగాయి. బండి కూతవేసి వచ్చింది, నెమ్మదిగానే వచ్చింది. కిటికీలో నూకరత్నం, ఇంకా ఆరని చీరలో, నుదుటి మీదికి కారిన పసుపుతో. పెట్టె ఉన్న చివరి వ్యాను సిగ్నల్ దాటగానే పైడమ్మ పట్టాల పక్కన చెంబుడు నీళ్ళు పోసి, “తిరగండి,” అంది. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా వీపులు తిప్పి ఊరి వైపు నడిచారు. ఘోషాల్‌బాబు, బనమాలి కూడా తిరిగారు. నాకు ఎవరూ చెప్పలేదు కనుక నేను చూస్తూ ఉండిపోయాను.

నాలుగు అడుగులు వేసి పైడమ్మ ఆగింది. వెనక్కి తిరగలేదు.

“బాబూ,” అంది నాకు వీపు పెట్టే. “మీరు మా ఊరోళ్ళు కారు. మీరు సూడొచ్చు. ఇంకా కనబడతన్నాదా?”

“ఎవరమ్మా, అమ్మవారా, రత్నమా?”

“ఎవరైతే ఏటి?”

మలుపు దగ్గర బండి వంగుతోంది. కిటికీలోంచి ఒక పచ్చటి చెయ్యి, దాని పక్కన తల.

“కనబడుతోంది,” అన్నాను. “ఇటే చూస్తోంది.”

“సూడకూడదని సెప్పినాను దానికి,” అంది పైడమ్మ. చెంబు చంకన పెట్టుకుని, తిన్నగా, తల తిప్పకుండా, ఇంటి దారి పట్టింది. ఆ వీపు నవ్వుతోందని మటుకు వెనక నడుస్తున్న నాకు తెలిసింది.